పట్టు లేని బల్ల: ఒక బాల్కనీ వర్క్‌బెంచ్ కేస్ స్టడీ

ఇళ్లకు ఫర్నిచర్ డిజైన్ చేసి, మా చిన్న వర్క్‌షాప్‌లోనే తయారు చేయించి ఇవ్వడం నా పని. మంచాలు, అలమరలు, వంటింటి కప్‌బోర్డులు చాలా చేశాం. ఇంట్లో హాబీ కోసం వర్క్‌బెంచ్ కావాలని అడిగేవాళ్లు మాత్రం ఏడాదికి ఒకరో ఇద్దరో ఉంటారు. అలాంటి ఒక బెంచ్‌ని నేను మొదటిసారి పూర్తిగా తప్పుగా చేసి, సరిదిద్దబోయి మరో మూడు తప్పులు చేసి, చివరికి కొత్తగా మొదలుపెట్టాల్సి వచ్చింది. ఎక్కడ ఏ కారణంతో ఏ నిర్ణయం తీసుకున్నానో వరసగా రాస్తున్నాను. బెంచ్ చేయించుకున్నావిడను గుర్తుపట్టగలిగే వివరాలు వదిలేశాను. కొలతలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను.

నేపథ్యం

బెంచ్ అడిగినావిడ రిటైర్డ్ టీచర్. వయసు అరవై దాటింది, ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. మూడో అంతస్తు ఫ్లాట్. పడమటి వైపు బాల్కనీ, వెడల్పు నాలుగున్నర అడుగులు. కొండపల్లి బొమ్మలంటే ప్రాణం. సంతకు వెళ్తున్న ఎడ్లబండి, రోకలితో దంచే ఆడవాళ్లు, అంబారీ ఏనుగు, ఇలాంటివి తన చేత్తో చెక్కి మనవరాలికి ఇవ్వాలని కోరిక. తెల్ల పొణికి కర్ర తెప్పించుకున్నారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి మక్కు చేయడం కూడా నేర్చుకున్నారు. బొమ్మలకు పీఠాలు, చిన్న పెట్టెలు టేకు ముక్కలతో చేస్తారు కాబట్టి చిత్రిక పట్టే పని, అంటే బ్లేడున్న పనిముట్టును తోస్తూ చెక్కను నున్నగా చేసే పని కూడా ఉంటుంది.

మన దగ్గర ఈ పనులన్నీ నేల మీదే జరుగుతాయి. బొమ్మలు చేసేవాళ్లు కింద కూర్చునే చెక్కుతారు. వడ్రంగి మేస్త్రీలు కూడా చెక్కను పాదంతో తొక్కిపట్టి, లేదా ఒక దుంగకు ఆనించి చిత్రిక పడతారు. ఒంటి బరువే వాళ్లకు బిగింపు. బెంచ్ అవసరం వాళ్లకు రాలేదు. ఈమెకు మోకాళ్ల నొప్పులు, కింద కూర్చుంటే లేవలేరు. అందుకే బెంచ్ అడిగారు. ఈ ఒక్క మాట మీద నేను అప్పుడే ఆగి ఆలోచించి ఉండాల్సింది. నేల మీద కూర్చున్నప్పుడు పాదాలు చేసే పనిని నిలబడ్డప్పుడు ఏదో ఒకటి చేయాలి కదా. ఆ ప్రశ్న నాకు మూడు నెలల తర్వాత గానీ తట్టలేదు.

మొదటి బెంచ్, దాని కంప్లైంట్

ఫోన్‌లోనే వివరాలు తీసుకున్నాను. ఏం పని చేస్తారు, ఎంత స్థలం ఉంది, బడ్జెట్ ఎంత. బాల్కనీ కొలతలు మా అబ్బాయి వెళ్లి తెచ్చాడు. 25 మిల్లీమీటర్ల చదరపు ఇనుప పైపుతో ఫ్రేమ్ వెల్డింగ్ చేయించి, పైన 18 మిల్లీమీటర్ల ఎంఆర్ గ్రేడ్ ప్లైవుడ్ బిగించాం. నాలుగడుగుల పొడవు, 20 అంగుళాల వెడల్పు. ఎత్తు 34 అంగుళాలు, అంటే 86 సెంటీమీటర్లు. వంటగట్టు దాదాపు అంతే ఉంటుంది, అందరికీ సరిపోయే ఎత్తే కదా అనుకున్నాను. ఒక మూలన నాలుగు అంగుళాల ఇనుప బెంచ్ వైస్, అంటే వస్తువును రెండు దవడల మధ్య బిగించి పట్టే పనిముట్టు. ఇచ్చే ముందు మేమిద్దరం బల్ల మీద కూర్చుని చూశాం. కిర్రుమని కూడా అనలేదు.

పది రోజులకు ఫోన్ వచ్చింది. "బాబూ, చిత్రిక పడుతుంటే బల్ల నాతోపాటు నడుస్తోంది."

వెళ్లి చూశాను. రెండు లక్షణాలు కలిసి ఉన్నాయి. ఒకటి, బల్ల పొడవు వైపు ఊగుతోంది. కాళ్లు కదలకుండా పైభాగం మాత్రం ముందుకీ వెనక్కీ పోతోంది. రెండు, గట్టిగా తోస్తే బల్ల మొత్తం టైల్స్ మీద జారుతోంది. మేం కూర్చుని పరీక్షించింది కిందికి దిగే బరువుని. చిత్రిక తోసేది అడ్డంగా. 200 కిలోలు మోసే బల్ల పది కిలోల తోపుకి నిలబడకపోవచ్చు, ఆ రెండింటికీ సంబంధం లేదు. పక్కకి వచ్చే బలాన్ని ఆపాలంటే కాళ్ల మధ్య ఏటవాలు కడ్డీ ఉండాలి, లేదా కాళ్లూ అడ్డపట్టీలూ కలిసే చోట అతుకు వెడల్పుగా, గట్టిగా ఉండాలి. సన్నటి పైపుతో చేసిన నలుచదరపు ఫ్రేమ్‌లో నేను ఈ రెండూ ఇవ్వలేదు.

చేసిన మూడు ప్రయత్నాలు

ముందు ఊగడం పట్టుకున్నాను, అది కళ్లకు కనిపిస్తోంది కాబట్టి. వెనక వైపు ఇంటూ ఆకారంలో రెండు పట్టీలు వెల్డింగ్ చేయించాను. ఊపు బాగా తగ్గింది. జారడం అలాగే ఉంది.

తర్వాత కాళ్ల కింద 12 మిల్లీమీటర్ల రబ్బరు ముక్కలు పెట్టాం. జారడం ఆగింది. కానీ రబ్బరు మందంగా, మెత్తగా ఉండటంతో ప్రతి తోపుకీ అది నొక్కుకుని మళ్లీ లేస్తోంది. బల్ల పడవలా అటూ ఇటూ అంటోంది. పైగా బాల్కనీ నేల నీళ్లు పోవడానికి బయటి వైపు వాటంగా ఉంది. రసమట్టం పెట్టి చూస్తే 20 అంగుళాల వెడల్పులో 8 మిల్లీమీటర్లు తేడా. మొదటి కొలతల్లో మేం నేల వాటం చూడనే లేదు.

మూడోది, గోడకు ఇనుప క్లిప్పులతో బిగించడం. ఈ నిర్ణయం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే దీనివల్ల మూడో మనిషి ఇబ్బంది పడ్డారు. ఆ గోడ తేలికపాటి బ్లాకులతో కట్టిన సన్నటి గోడ. ఉలి మీద కొట్టిన ప్రతి దెబ్బా గోడ గుండా పక్క ఫ్లాట్‌లోకి పోయింది. అక్కడ నెలల పసిబిడ్డ ఉంది. రెండు వారాల్లో గోడలోని బోల్టులు కూడా వదులయ్యాయి. పక్కింటావిడ మర్యాదగానే చెప్పారట. కానీ టీచర్ గారు ఆ రోజు నుంచి పని ఆపేశారు. "ఇక ఎందుకులే బాబూ, ఈ వయసులో ఇంత హడావుడి" అన్నారు. బల్ల తప్పుకి ఆమె తన వయసుని నిందించుకోవడం నన్ను కుదిపేసింది.

ఇదంతా జరుగుతుండగానే వానాకాలం వచ్చింది. జల్లు తగిలి ప్లైవుడ్ అంచులు ఉబ్బాయి. ఎంఆర్ గ్రేడ్ ఇంటి లోపలి తేమను తట్టుకోవడానికే. వాన జల్లు పడే చోట ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం కింద వచ్చే మెరైన్ ప్లైవుడ్ వాడాలి. నాకు తెలిసిన విషయమే, "బాల్కనీ కప్పు ఉంది కదా" అని ఖర్చు తగ్గించాను. పడమటి గాలి వానకి కప్పు అడ్డం రాదు.

ఒక ఉదయం ఊరికే కూర్చుని చూడటం

డబ్బు వాపసు ఇస్తానన్నాను, ఆమె వద్దన్నారు. అయితే ఒక్కసారి మీరు పని చేస్తుంటే చూస్తాను అని అడిగాను. మొదటి రోజే చేయాల్సిన పని అది. ఒక ఆదివారం ఉదయం గంటన్నర పాటు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, మాట్లాడకుండా, గడియారం పెట్టుకుని చూశాను.

ఆ గంటన్నరలో చిత్రిక పట్టింది పదిహేను నిమిషాలు. రంపం కోత అయిదారు నిమిషాలు. మిగతా టైమంతా చెక్కడమే. చిత్రిక పడుతున్నప్పుడు బల్ల ఎత్తుగా ఉండి మోచేతులు వెనక్కి లేస్తున్నాయి. ఒంటి బరువు చిత్రిక మీద పడటం లేదు, భుజాల బలంతోనే తోస్తున్నారు. చెక్కేటప్పుడు ఇందుకు పూర్తిగా విరుద్ధం. అదే బల్ల కిందికి అయిపోయి, మెడ వంచి, నడుము వంచి చూస్తున్నారు.

ఇంతలో ఏనుగు తొండం దగ్గర పని వచ్చింది. ఆమె ముక్కను వైస్‌లో పెట్టలేదు. ఎడమ అరచేతిలో పట్టుకుని, గుండెకు ఆనించుకుని, ఉలిని అదే అరచేతి వైపు తోయడం మొదలుపెట్టారు. ఉలి మొన ఆగిన ప్రతిసారీ బొటనవేలి కింది కండకు అంగుళం దూరంలో ఆగుతోంది. ఆ కండ మీద తెల్లటి గీతలా ఒక పాత గాటు మచ్చ ఉంది.

"వైస్ వాడరేం టీచర్ గారూ?" అని అడిగాను. ఆమె లోపలికి వెళ్లి ఒక బొమ్మ తెచ్చి చూపించారు. ఏనుగు పొట్టకు రెండు వైపులా వరసగా పళ్ల గుర్తులు. పొణికి కర్ర చాలా మెత్తన, గోరు గుచ్చితే దిగుతుంది. నేను బిగించింది ఇనుము పని చేసేవాళ్ల వైస్. దాని దవడలకు గరుకు పళ్లుంటాయి. బిగిస్తే బొమ్మ పాడవుతుంది, వదులుగా పెడితే ఊడిపోతుంది. అందుకే ఆమె తన చేతినే వైస్ చేసుకున్నారు.

మూడు నెలలుగా నేను బల్ల గురించి ఆలోచిస్తున్నాను, ఆమెకు కావలసింది పట్టు. వస్తువును కదలకుండా, గాయం కాకుండా, చేతికి అందే ఎత్తులో పట్టి ఉంచేదే వర్క్‌బెంచ్. పైన ఉన్న పలక అందులో ఒక భాగం మాత్రమే.

ఆ రోజే రెండు కొలతలు తీసుకున్నాను, ఆమె పనిలో వేసుకునే చెప్పులతోనే. చేతులు వదులుగా వేలాడదీసి, మణికట్టు దగ్గర వంచి అరచేయి నేలకు సమాంతరంగా పెడితే నేల నుంచి అరచేతికి 74 సెంటీమీటర్లు. మోచేయి మడిచి నిలబడితే నేల నుంచి మోచేతికి 98. చిత్రికకు మొదటి ఎత్తు కావాలి, ఒంటి బరువు దించడానికి. చెక్కడానికి రెండో ఎత్తు కావాలి, కంటికి దగ్గరగా ఉండటానికి. నేను ఇచ్చిన 86 ఈ రెండింటికీ సరిగ్గా మధ్యలో ఉంది. ఏ పనికీ కుదరని ఎత్తు.

ఇంకో కొలత కూడా తీశాను. గ్యాస్ సిలిండర్ తూచే స్ప్రింగ్ త్రాసును చిత్రికకు తగిలించి టేకు మీద లాగితే 10 నుంచి 14 కిలోలు చూపించింది. రబ్బరు తీసేసి, అదే త్రాసుతో బల్లను పక్కకి లాగితే 9 కిలోల దగ్గర జారింది. బల్ల మొత్తం బరువు వైస్‌తో కలిపి 27 కిలోలు. నున్నటి టైల్ మీద ప్లాస్టిక్ టోపీలున్న కాళ్లు తమ బరువులో మూడో వంతు తోపుకే జారిపోతాయి. అంటే ఎన్ని వెల్డింగులు చేసినా ఈ బల్ల నిలవదు. దానికి బరువే లేదు.

రెండో బెంచ్

ఎత్తు మార్చుకునే కాళ్లు పెడదామా అని మా మేస్త్రీ అడిగాడు. అది బాగా ఆలోచించి వద్దన్నాను. జరిగే ప్రతి చోటా బోల్టు, ప్రతి బోల్టూ ఉలి దెబ్బలకు వదులయ్యేదే. అదీగాక పని మారినప్పుడల్లా అంత బరువైన పలకను ఆమె లేపాలి. దానికి బదులు బెంచ్‌ని 74 దగ్గరే ఉంచి, దాని మీద పెట్టుకునే చిన్న పీట లాంటి బెంచ్‌ని 24 సెంటీమీటర్ల ఎత్తులో చేద్దామన్నాను. రెండూ కలిస్తే 98.

కాళ్లకూ అడ్డపట్టీలకూ పాత టేకు వాడాం. కూల్చేసిన ఇళ్ల కలప అమ్మే అడితిలో ద్వారబంధాల ముక్కలు దొరుకుతాయి. అవి దశాబ్దాల తరబడి ఆరిన కర్ర, కాబట్టి కోశాక వంకర్లు పోయే భయం తక్కువ. భయమల్లా మేకులది. పైకి ఏమీ కనబడదు, చిత్రిక పెట్టగానే లోపల విరిగి ఉండిపోయిన మేకు తగిలి బ్లేడు అంచు పోతుంది. ప్రతి ముక్క మీదా అంగుళం అంగుళం అయస్కాంతం తిప్పించాను. నాలుగు కాళ్లలో కలిపి పదకొండు మేకులు బయటపడ్డాయి.

పొట్టి వైపు రెండు కాళ్ల జతలకు బెజ్జం కొట్టి, అడ్డపట్టీ చివరను సన్నం చేసి అందులో దూర్చి, జిగురు పెట్టి శాశ్వతంగా అతికించాం. పొడుగు వైపు పట్టీలకు కూడా అలాంటి అతుకే, కానీ జిగురు లేకుండా 10 మిల్లీమీటర్ల బోల్టులతో. లిఫ్టులో ముక్కలుగా తీసుకెళ్లి పైన బిగించాలి కాబట్టి ఈ తేడా. వెడల్పైన పట్టీ కాలికి ఎంత ఎక్కువ మేర ఆనుకుంటే ఊగడం అంత తగ్గుతుంది. అందుకే కింది పట్టీ 90 మిల్లీమీటర్ల వెడల్పు పెట్టాం. ఏటవాలు కడ్డీ అవసరం పడలేదు.

పైపలక గట్టి టేకుతో చేయిద్దామని టీచర్ గారి ఆశ. నేను ఒప్పుకోలేదు. మే నెల ఎండకీ ఆగస్టు తేమకీ మధ్య 20 అంగుళాల వెడల్పు కర్ర అయిదారు మిల్లీమీటర్లు పెరిగి తగ్గవచ్చు. బాల్కనీలో ఆ కదలికకు అవకాశం ఇచ్చి బిగించడం సాధ్యమే, కానీ ఏటా సరిచూసుకోవాలి. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి అలా కదలదు. మెరైన్ ప్లైవుడ్ 18 మిల్లీమీటర్లవి మూడు అతికించి 54 మిల్లీమీటర్ల మందం తెచ్చాం. మూడూ ఒకేసారి అతికిస్తే తడి జిగురు మీద జారిపోతాయి. రెండు అతికించి, ఒక రోజు ఆరనిచ్చి, తర్వాత మూడోది. కింద సమంగా ఉన్న ఫ్లష్ డోర్ వేసుకుని దాని మీద అతికించాలి. కింద ఏ వంపు ఉంటే జిగురు ఆరాక పలకకు అదే వంపు శాశ్వతం. చుట్టూ టేకు పట్టీ వేసి, అవిసె నూనె పట్టించాం. నూనె తుడిచిన గుడ్డలు ఉండలు చుట్టి పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విడదీసి బయట ఆరేయాలని మా పిల్లలకు ప్రతిసారీ చెబుతాను.

వైస్ మార్చాం. వడ్రంగి పనికి వాడే ఏడు అంగుళాలది, దవడలకు టేకు చెక్కలు, వాటి మీద తోలు. వైస్‌కి ఎదురుగా పలకలో 19 మిల్లీమీటర్ల రంధ్రాల వరస, నాలుగేసి అంగుళాలకు ఒకటి. వాటిలో గుండ్రటి కర్ర మేకులు పెట్టి, చెక్కను వాటికీ వైస్‌కీ మధ్య బిగిస్తే పైభాగం మొత్తం చిత్రికకు ఖాళీగా దొరుకుతుంది. మేస్త్రీ పాదం చేసే పని ఇదే. కాళ్లు పలక ముందు అంచుతో ఒకే వరసలో వచ్చేలా పెట్టాం, పొడవైన చెక్కను కాలికి ఆనించి బిగించుకోవడానికి.

బరువు దాదాపు 55 కిలోలు తేలింది. ఇంకా కావాలి. కింది పట్టీల మధ్య ఒక తొట్టి చేసి, ఆరబెట్టిన ఇసుక 35 కిలోలు పాలిథిన్ సంచుల్లో మూతి కట్టి నింపాం. ఇసుక తడిగా ఉంటే పైన పెట్టిన పనిముట్లు తుప్పు పడతాయి. ఇసుక బరువుతో పాటు దెబ్బ మోతను కూడా కొంత మింగేస్తుంది. మొత్తం 90 కిలోలు బాల్కనీ మోస్తుందా అని ఆమె అబ్బాయి అడిగారు, అడగాల్సిన ప్రశ్నే. ఇళ్ల బాల్కనీలకు ఐఎస్ 875 (కట్టడాల మీద పడే భారాల గురించిన భారతీయ ప్రమాణం) రెండో భాగం ప్రకారం చదరపు మీటరుకు 3 కిలోన్యూటన్ల భారం, అంటే సుమారు 300 కిలోలు లెక్కలోకి తీసుకుంటారు. ఈ బెంచ్ తన వైశాల్యం మీద వేసేది 150 లోపే. అయినా స్లాబ్ కింద పగుళ్లేమైనా ఉన్నాయేమో కింది ఫ్లాట్ వాళ్ల అనుమతితో చూసి, ఆ తర్వాతే పెట్టాం.

నేల వాటానికి సర్దుబాటు కాళ్లు వద్దనుకున్నాం. బెంచ్‌ని స్థానంలో పెట్టి, చెక్క ముక్కలు దోపి రసమట్టం సరిచేసి, ఒక చిన్న చెక్క మీద పెన్సిల్ ఆనించి నాలుగు కాళ్ల చుట్టూ నేలకు సమాన ఎత్తులో గీత గీసి, ఆ గీతకు కోశాం. ఇప్పుడిది ఆ ఒక్క చోట మాత్రమే సరిగ్గా కూర్చుంటుంది. కదలకూడని వస్తువు కాబట్టి దానికి సిద్ధపడ్డాం. కాళ్ల కింద 3 మిల్లీమీటర్ల పలుచటి రబ్బరు. జారకుండా ఉండటానికి అది చాలు, పడవలా ఊగేంత మందం కాదు. గోడకు ఎక్కడా తగలకుండా రెండు అంగుళాల ఖాళీ. త్రాసు తగిలించి లాగాం. ముల్లు 42 దగ్గరకు వచ్చాక కాలు కొద్దిగా కదిలింది.

పై చిన్న బెంచ్ ఒక్కసారికి కుదరలేదు. బిగింపు మరతో మూలన పట్టి ఉంచితే, ఉలి తోసినప్పుడల్లా ఆ మూల చుట్టూ తిరిగింది. అడుగున మధ్యలో ఒక మందపాటి పట్టీ బిగించి, దాన్ని కింది వైస్ నోట్లో పెట్టి బిగించాం. కింది బెంచ్ పై బెంచ్‌ని పట్టుకుంటుంది, పై బెంచ్ బొమ్మను. దానికి రెండు చెక్క మరలతో కదిలే దవడ. తోలు మీద చేత్తో తిప్పినంత బిగింపు చాలు, పొణికి మీద గుర్తు పడదు. ఏనుగు లాంటి గుండ్రటి బొమ్మలకు దవడలో వి ఆకారపు గాడి ఉన్న ఇంకో జత చెక్కలు ఇచ్చాం.

నేను మార్చుకున్న పద్ధతి

ఇప్పుడు హాబీ బెంచ్ ఎవరడిగినా ముందు వాళ్ల పని గంటసేపు చూస్తాను. ఇంకా పని మొదలుపెట్టనివాళ్లైతే వంటింటి బల్ల మీదో, స్టూలు మీదో ఒక చిన్న వస్తువు చేయమని చెప్పి చూస్తాను. పనిని ఏ చేత్తో పట్టుకుంటున్నారు, ఆ చెయ్యి ఉలికి ఎదురుగా ఉందా అన్నది మొదట రాసుకుంటాను. ఎత్తు ఆ తర్వాత. స్ప్రింగ్ త్రాసు ఇప్పుడు నా బ్యాగులోనే ఉంటుంది. బల్ల ఎంత మోస్తుంది అని కాకుండా ఎంత తోపుకి కదులుతుంది అని పరీక్షిస్తాను. ఇరుగుపొరుగు గోడలు ఎటున్నాయో కూడా ప్లానులో గీస్తాను. ఒకదాని మీద ఒకటి మరమ్మతులు వేసే ముందు, మొదటి మరమ్మతు ఏ లక్షణాన్ని తగ్గించి దేన్ని అలాగే వదిలేసిందో రాసి చూసుకోవడం కూడా అప్పటి నుంచే అలవాటైంది. ఇంటూ పట్టీలు వేశాక జారడం మిగిలింది అని ఆ రోజు కాగితం మీద పెట్టి ఉంటే, కారణం బరువని గోడ దాకా వెళ్లకముందే తెలిసేది.

ఆరు నెలల తర్వాత

వానలు తగ్గాక వెళ్లి పొడుగు పట్టీల బోల్టులు ఒకసారి, సంక్రాంతి తర్వాత ఇంకోసారి బిగించాను. పలక అంచులు ఉబ్బలేదు. వైస్ మరకు తుప్పు పడుతోంది, నెలకోసారి నూనె వేయక తప్పదు. రంధ్రాల్లో చిత్రిక పొట్టు ఇరుక్కుంటోందని ఆమె కంప్లైంట్, నిజమే. ఉలి మీద కొట్టే పని ఉదయం పది నుంచి పన్నెండు లోపు, బెంచ్ కాలికి సరిగ్గా పైన ఉన్న మూలలో చేస్తున్నారు. పక్కింటావిడను అడిగితే ఇప్పుడు వినబడటం లేదని చెప్పారు.

నేను వెళ్లిన రోజు పై బెంచ్‌లో ఎడ్లబండి చక్రం బిగించి ఉంది. టీచర్ గారు రెండు చేతులతో ఉలి పట్టుకుని చక్రం ఆకుల మధ్య ఖాళీలు తీస్తున్నారు. మనవరాలు తనూ చేస్తానంటోందట. ఆ పాపకు 74 కూడా ఎత్తే. పాప నిలబడటానికి 20 సెంటీమీటర్ల ఎత్తులో, బెంచ్ కాలికి తగిలించుకునే మెట్టు ఒకటి చేయమన్నారు. పాప మోచేతి కొలత తీసుకుని వచ్చాను.